శరత్కాలంలో పక్షులు చూడాలంటే: కృష్ణ నీటిమట్టం నుంచి కొండపల్లి అడవి దాకా

విజయవాడ, గుంటూరు వైపు వలస పక్షులంటే డిసెంబరు, జనవరి అనే లెక్క పాతుకుపోయింది. ఆ రెండు నెలల్లో చూడటం తేలిక, అంతే. రకాలు ఎక్కువగా కలగలిసేది సెప్టెంబరు నడుమ నుంచి నవంబరు ఆఖరు దాకా. ఇక్కడే చలికాలం గడపడానికి వచ్చేవి కొన్ని, ఇంకా దక్షిణాదికీ శ్రీలంకకూ పోతూ రెండు రోజులు ఆగేవి కొన్ని, వానల్లో గూడు కట్టి ఇంకా పిల్లల్ని మేపుతున్న మన ఊరి పక్షులు కొన్ని. మూడూ ఒకే ఉదయం కనిపించే కాలం ఇది.

చిక్కేమిటంటే ఈ నెలల్లో తేదీని నమ్ముకుంటే పని కాదు. నిన్న వంద ఉల్లంకులు (బురదలో పొడుచుకు తినే చిన్న పక్షులు) మేసిన ఇసుక మేట ఇవాళ గేట్లు ఎత్తగానే మునిగిపోతుంది. వారం తర్వాత నీరు తీశాక అదే చోట కొత్త బురద తేలితే, కొత్త పక్షులు దిగుతాయి. కాబట్టి ముందు నీళ్ల సంగతి కనుక్కుని, ఆ తర్వాతే ఎటు వెళ్లాలో తేల్చుకోవాలి.

ముందురోజు సాయంత్రం చూడాల్సిన అంకెలు

ప్రకాశం బ్యారేజీ దగ్గర పూర్తి నీటిమట్టం 12 అడుగులు, నిల్వ 3.07 టీఎంసీలు. ఖరీఫ్‌లో కాలవలకు నీళ్లు ఇవ్వాలి కనుక ఎగువన ఈ మట్టాన్ని దాదాపు తగ్గనివ్వరు. అంటే ఎగువన బురద తేలదు. అక్కడ ఈదేవీ మునిగేవీ పైనుంచి దూకేవీ మాత్రమే ఉంటాయి: నీటికాకులు, బుడుబుంగలు, బొల్లికోళ్లు, బాతులు, టర్న్‌లు, నలుపు తెలుపు లకుముకి. బురదలో పొడుచుకు తినే చిన్న పక్షుల కోసం ఎగువ గట్టు మీద నిలబడితే ఉదయమంతా వృథా. వాటికి బ్యారేజీ దిగువకే వెళ్లాలి.

దిగువన ఏముంటుందన్నది అవుట్‌ఫ్లో, అంటే బ్యారేజీ నుంచి కిందికి వదిలే నీరు, చెబుతుంది. ఇన్‌ఫ్లో, అవుట్‌ఫ్లో ఎన్ని క్యూసెక్కులో వరద రోజుల్లో పత్రికల జిల్లా పేజీల్లో వస్తుంది, టీవీ స్క్రోలింగులోనూ కనిపిస్తుంది. గేట్లన్నీ మూసి నాలుగైదు రోజులైతే దిగువన మడుగులు, ఇసుక మేటలు, వాటి అంచున పలుచటి బురద తేలతాయి. ఉల్లంకులకు, ప్లోవర్లకు, నల్లరెక్కల స్టిల్ట్‌లకు అదే అదను. అవుట్‌ఫ్లో వేలల్లో ఉండి, కొన్ని గేట్లు మాత్రమే అడుగో రెండడుగులో ఎత్తినప్పుడు ఇంకో రకం సందడి. గేటు కింది నుంచి దూకే నీటిలో చేపలు దిమ్మెరపోయి పైకి తేలతాయి. కొంగలు, నారాయణ పక్షులు, నీటికాకులు, గద్దలు, రివర్ టర్న్‌లు అన్నీ అక్కడే గుమిగూడతాయి. కొంగల్లో రకాలు పోల్చుకోవడం నేర్చుకునేవారికి ఇంతకన్నా మంచి రోజు దొరకదు, ఎందుకంటే చిన్నవీ పెద్దవీ పక్కపక్కనే నిలబడి కనిపిస్తాయి.

అవుట్‌ఫ్లో లక్షల్లో ఉంటే నది దగ్గరికి వెళ్లకండి. మొదటి ప్రమాద హెచ్చరిక 3.97 లక్షల క్యూసెక్కులకు, రెండోది 5.69 లక్షలకు జారీ చేస్తారు. 2024 సెప్టెంబరు మొదట్లో వరద 11.43 లక్షలు దాటిన రోజులు ఎవరూ మరిచిపోలేదు. మొదటి హెచ్చరిక కన్నా చాలా ముందే ఘాట్ల మెట్లు, లంకల్లోకి పోయే బాటలు మునుగుతాయి. సాగర్, పులిచింతల గేట్లు మూసే ఉన్నాయి కదా అని ధీమా పడకూడదు. మునేరు పులిచింతలకు దిగువన, బ్యారేజీకి ఎగువన కృష్ణలో కలుస్తుంది. ఖమ్మం వైపు గట్టి వాన పడితే ఆ నీరు నేరుగా బ్యారేజీకే వస్తుంది. ఇసుక మేటల మీదికి దిగి నడవడం అందుకే ఏ రోజూ మంచిది కాదు. గట్టు మీద నుంచే చూడండి.

వరద రోజుల్లో నదిని వదిలేసిన పక్షులు చెరువుల్లోకి, వరిచేల గట్ల మీదికి, పల్లపు పొలాల్లోకి చేరతాయి. ఆ రోజు ఉప్పలపాడు వెళ్లండి, లేదా డెల్టా రోడ్ల వెంట నెమ్మదిగా తిరగండి.

ఇక వాయుగుండాలు. అక్టోబరు, నవంబరుల్లో బంగాళాఖాతంలో ఒకటి రెండు పుట్టకుండా ఉండవు. ముసురు పట్టిన రోజు పక్షులూ కదలవు, అద్దాలు తడిసి మనకూ ఏమీ కనిపించదు. వాన వెలిసి ఆకాశం విప్పారిన మొదటి ఉదయం మాత్రం వదులుకోకండి. గాలివానకు ప్రయాణం ఆగిపోయిన పక్షులు దిగిన చోటే ఆవురావురుమని మేస్తుంటాయి. మధ్యాహ్నానికల్లా వాటిలో సగం పైకి లేచి వెళ్లిపోవచ్చు.

ఏ గట్టు మీద నిలబడాలి

కొత్తవారు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. అక్టోబరు, నవంబరుల్లో సూర్యుడు దక్షిణానికి వాలి నడుస్తాడు. విజయవాడ వైపు పున్నమి ఘాట్‌లోనో దుర్గా ఘాట్‌లోనో నిలబడి నదిని చూస్తే మన ముఖం దక్షిణానికి ఉంటుంది. రోజంతా ఎండ కళ్లలోకి, నీటి మీది తళుకు అద్దాల్లోకి. బాతు ఏ రంగులో ఉన్నా నల్లటి నీడలాగే కనిపిస్తుంది. అదే బ్యారేజీ దాటి సీతానగరం, ఉండవల్లి వైపు గట్టున నిలబడితే సూర్యుడు వీపు వెనకో పక్కనో ఉంటాడు, పక్షి ఈక ఈకా తెలుస్తుంది. నగరం వైపు నుంచే చూడక తప్పకపోతే పొద్దున్నే పడమరకు తిరిగి ఎగువను, సాయంత్రం తూర్పుకు తిరిగి దిగువను చూడండి. బ్యారేజీ ఉత్తర దక్షిణాలుగా ఉంది కనుక దాని మీద నుంచి చూసినా ఇదే సూత్రం.

బ్యారేజీ మీద ఒక ఇబ్బంది ఉంది. బళ్లు పోతున్నంతసేపూ నేల అదురుతుంది. చేతి బైనాక్యులర్‌కు ఫరవాలేదు కానీ స్టాండు మీద పెట్టిన స్కోపులో (ఒంటి గొట్టం దుర్బిణిలో) బొమ్మ వణుకుతుంది. స్కోపు ఉంటే ఘాటుకే తీసుకెళ్లండి.

అక్టోబరు నడుమ పొద్దు పొడిచేది దాదాపు ఆరింటికి, నవంబరు నడుమకు అది మరో పది పన్నెండు నిమిషాలు వెనక్కి జరుగుతుంది. పావుగంట ముందే చేరితే రాత్రి లంకల్లోని చెట్ల మీద పడుకున్న కొంగలు, నీటికాకులు గుంపులుగా లేచి మేతకు పోవడం చూడవచ్చు, లెక్కపెట్టనూ వచ్చు. తొమ్మిది దాటాక నీటి మీద ఆవిరి సెగ లేస్తుంది. దూరంగా ఉన్న పక్షి అంచులు కరిగినట్టు ఊగుతాయి. 60 రెట్లు పెద్దది చేసి చూపే స్కోపు కూడా అప్పుడు ఆ సెగనే 60 రెట్లు చేసి చూపిస్తుంది. 20, 25కు తగ్గించుకోండి, లేదా దగ్గరి పక్షులకు మళ్లండి.

భవానీ ద్వీపానికి పర్యాటక శాఖ పడవలు నడుస్తాయి, వరద ఉంటే ఆపేస్తారు. ద్వీపంలో చెట్ల పిట్టలు చూడవచ్చు కానీ పడవ మోతకు నీటి పక్షులు లేచిపోతాయి. సెలవు రోజుల్లో జనం కూడా ఎక్కువే, పక్షుల కోసం ప్రత్యేకంగా వెళ్లేంత చోటు కాదు. దానికన్నా రెల్లు పూసిన గట్లు నయం. సెప్టెంబరు, అక్టోబరుల్లో తెల్లగా పూసే ఆ రెల్లులో మునియాలు, గిజిగాళ్లు, ప్రినియాలు కంకులు పట్టుకుని వేలాడుతుంటాయి. గుర్రపుడెక్క పరుచుకున్న చోట దాన్ని కలుపు అని తోసిపుచ్చకుండా అంచులన్నీ వెతకండి. జకానాలు, నీలి బొల్లికోళ్లు, గుడ్డికొంగలు అందులోనే దాక్కుంటాయి.

బాతులన్నీ గోధుమరంగే

పుస్తకంలో బొమ్మ చూసి అక్టోబరులో బాతును పోల్చబోతే తలనొప్పి ఖాయం. మగబాతులు గూడు కాలం అయ్యాక రంగు ఈకలు రాల్చేసి ఆడబాతుల్లాగే గోధుమరంగుకు మారతాయి. మనదాకా వచ్చేసరికి చాలావాటికి ఆ రంగులు ఇంకా తిరిగి రావు. డిసెంబరుకు మెరిసిపోయే బాతే అక్టోబరులో ఆనవాలు దొరకదు. కాబట్టి రంగు జోలికి పోకుండా ఆకారం, ముక్కు, ముఖం మీది గీతలు, రెక్క మీది పట్టీ చూడాలి.

ముందుగా వచ్చేది గార్గనీ. చిన్న బాతు. కంటి మీదుగా ఒక నల్ల గీత, దాని పైనా కిందా లేతరంగు గీతలు, ముక్కు మొదట్లో ఒక తెల్ల మచ్చ. ముఖం చారలు చారలుగా ఉంటే ముందు ఇదే అనుకోండి. పిన్‌టెయిల్‌కు ముఖం మీద ఏ గీతా ఉండదు, మెడ పొడవు, ముక్కు బూడిదరంగు, తోక మొనదేలి ఉంటుంది. షవెలర్ ముక్కు గరిటెలా చివర వెడల్పు, తల కన్నా ముక్కే పొడవనిపిస్తుంది, నీటిని జల్లిస్తూ తల కిందికి వంచి తిరుగుతుంది. గాడ్వాల్ అయితే ముక్కు పక్కల నారింజ రంగు, రెక్క మీద చిన్న తెల్ల గళ్లు. ఇవన్నీ వలస బాతులు.

వీటిలో కలిసిపోయే స్థానిక బాతులు కొన్ని. ముక్కు నల్లగా ఉండి కొస పసుపుపచ్చగా ఉంటే అది ఇక్కడే ఉండే స్పాట్‌బిల్ బాతు. ఎగిరేటప్పుడు రెక్కలు ఎర్రటి గోధుమరంగులో, కాళ్లు తోక దాటి వెనక్కి, పైగా ఈల వేస్తూ పోతే అది చిలువ బాతు. సాయంత్రం చీకటి పడ్డాక కూడా ఆ ఈలను బట్టి గుర్తుపట్టవచ్చు.

ఒడ్డున కూర్చుని పడుకున్న బాతుల గుంపు కనిపిస్తే తొందరపడి ముందుకు నడవకండి. గద్ద ఏదైనా పైనుంచి వెళితే గుంపంతా లేస్తుంది, రెక్కల పట్టీలు అప్పుడు తెలుస్తాయి. అక్టోబరు నుంచి మార్ష్ హారియర్‌లు వస్తాయి. రెక్కలు వి ఆకారంలో పైకెత్తి జమ్ము మీదుగా తక్కువ ఎత్తులో తేలుతూ పోతాయి. అది వచ్చే దిక్కుకు బైనాక్యులర్ తిప్పి సిద్ధంగా ఉంటే చాలు, మనం లేపాల్సిన పని లేదు. నది మధ్య విద్యుత్ టవర్ల మీదా ఎండిన చెట్ల మీదా తెల్లటి పొట్టతో కూర్చుని చేపను చీల్చుకు తినేది కనబడితే అది ఆస్ప్రే.

ఉల్లంకుల గొడవ

బురదలో తిరిగే చిన్న పక్షుల్ని చూసి సగం మంది పుస్తకం మూసేస్తారు. నాలుగింటితో మొదలుపెడితే మిగతావి దారిలోకి వస్తాయి.

కామన్ శాండ్‌పైపర్ తోకభాగాన్ని ఆపకుండా ఆడిస్తూనే ఉంటుంది. రొమ్ముకూ రెక్కకూ మధ్య తెల్లటి గాటు ఉంటుంది. నీటికి ఆనుకుని, రెక్కలు బిగబట్టి టపటపా కొడుతూ, మధ్యలో జారుతూ ఎగురుతుంది. బ్యారేజీ రాళ్ల మీద కూడా దొరుకుతుంది. వుడ్ శాండ్‌పైపర్ వీపు చుక్కలమయం, కంటిపైన పొడవైన తెల్ల గీత, కాళ్లు పసుపు కలిసిన ఆకుపచ్చ. ఎగిరితే చిఫ్ చిఫ్ చిఫ్ అంటుంది. వరిచేలలో ఎక్కువ కనిపించేది ఇదే. గ్రీన్ శాండ్‌పైపర్ వీపు చుక్కలు తక్కువగా, ముదురుగా ఉంటుంది. ఎగిరేటప్పుడు రెక్కల అడుగు నల్లగా, నడుము తెల్లగా మెరుస్తుంది. గుంపులో కాకుండా కాలవ మూలనో గుంట దగ్గరో ఒంటరిగా ఉంటుంది. నాలుగోది గ్రీన్‌షాంక్. మిగతా మూడింటికన్నా పెద్దది, ముక్కు కొద్దిగా పైకి వంగి ఉంటుంది, లేచినప్పుడు ట్యూ ట్యూ ట్యూ అని మూడుసార్లు గట్టిగా అరుస్తుంది.

వీటికన్నా చిన్నగా పిచ్చుకంత ఉంటే స్టింట్. కాళ్లు నల్లనా, పసుపా అన్నది చూడాలి. నల్లనైతే లిటిల్ స్టింట్, పసుపైతే టెమ్మింక్. బురద అంటుకుంటే పసుపు కాలు కూడా నల్లగానే కనిపిస్తుంది, అది నీటిలోంచి నడిచి వచ్చేదాకా ఆగండి.

ఉప్పలపాడు

గుంటూరుకు దగ్గర్లో, పెదకాకాని మండలంలోని ఊరి చెరువు ఇది. నీటి మధ్య తుమ్మచెట్ల మీద గూడబాతులు (పెలికాన్లు), ఎర్రకాళ్ళ కొంగలు, నత్తగొట్టు కొంగలు, తెల్ల ఐబిస్‌లు, నీటికాకులు చేరతాయి. దూరం కానీ వెతుకులాట కానీ లేని చోటు, పిల్లలతో వెళ్లడానికి ఇదే సరైనది. బైనాక్యులర్ లేకపోయినా చాలా కనిపిస్తుంది.

శరత్కాలంలో ఇక్కడ చూడాల్సింది గూళ్ల పని. పుల్లలు ముక్కున పెట్టుకుని వచ్చేవి, పక్కవాళ్ల గూటిలోంచి పుల్ల లాగేసేవి, రెక్కలు చాపి గొడవపడేవి. ఒకే చెట్టు ఎంచుకుని అరగంట కూర్చుంటే ఎవరి గూడు ఏదో తెలిసిపోతుంది. మేతకు వెళ్లినవి తిరిగి వచ్చే సాయంత్రం నాలుగున్నర నుంచి చీకటి పడేదాకా మంచి సమయం. ఏ దిక్కు నుంచి ఎన్ని వచ్చాయో రాసుకుంటే అవి ఎటు మేస్తున్నాయో అంచనా దొరుకుతుంది.

నత్తగొట్టు కొంగ మూసిన ముక్కు మధ్యలో సందు ఉంటుంది, దూరం నుంచి కూడా తెలుస్తుంది. కానీ పిల్లలకు ఆ సందు ఏర్పడి ఉండదు. నేరుగా ఉన్న ముక్కు చూసి వేరే కొంగ అనుకోవద్దు. అలాగే ఎర్రకాళ్ళ కొంగ పిల్ల మాసిన బూడిదరంగులో ఉంటుంది, తోక దగ్గరి గులాబీ రంగు ఉండదు.

గూళ్లున్న చెరువు దగ్గర డ్రోన్ ఎగరేయడం, టపాకాయ కాల్చడం, చప్పట్లు కొట్టి లేపడం చేస్తే గుడ్ల మీద కూర్చున్నవి లేచిపోతాయి. వెంటనే కాకులు దిగి గుడ్లు ఎత్తుకుపోతాయి. దీపావళి సరిగ్గా ఈ కాలంలోనే వస్తుంది, ఆ రెండు మూడు రోజులూ అక్కడికి వెళ్లకపోతేనే మంచిది.

అడవిలో చెవే ముందు

కొండపల్లి రిజర్వు అడవి, దాని అంచున మూలపాడు సీతాకోకచిలుకల పార్కు విజయవాడకు వాయవ్యంగా ఉన్నాయి. ఆకు రాల్చే అడవి, కొండపల్లి బొమ్మలు చేసే తెల్ల పొణికి ఇక్కడ పెరుగుతుంది. అయితే అక్టోబరులో ఆకు ఇంకా రాలదు. వానలకు చిక్కగా పెరిగి ఉంటుంది. నీటి పక్షుల్ని చూసిన అలవాటుతో అడవిలోకి వెళ్లి కళ్లతో వెతికితే ఆకులే కనబడతాయి.

ఇక్కడి పద్ధతి వేరు. పొద్దు పొడిచే వేళకు బాట మొదట్లో ఉండండి. గంటకు ఒక కిలోమీటరు మించి నడవద్దు. యాభై అడుగులు నడవడం, రెండు నిమిషాలు ఆగడం. మొదటి ఎండ ఏ చెట్ల కొసలకు తగులుతుందో అక్కడికే పురుగులు, వాటి కోసం పిట్టలు చేరతాయి, ఆ కొసల్ని ముందు చూడండి. అరగంట ఏమీ లేకుండా గడిచి, ఒక్కసారిగా చుట్టూ కిచకిచలు మొదలైతే రకరకాల చిన్న పిట్టలు కలిసి తిరిగే గుంపు వచ్చినట్టు. ఆ క్షణంలో గుంపు వెనక పరిగెత్తకూడదు. అది పోతున్న దిక్కు గమనించి, దానికి ముందుగా బాటలో ఒక ఖాళీ చోట నిలబడితే ఒక్కొక్కటిగా ఆ ఖాళీని దాటుతాయి. లెక్కకూ గుర్తుకూ అదే వీలు.

ఎట్రింత (డ్రాంగో) చప్పుడును గుంపుకు జెండాగా పెట్టుకోండి. నల్ల ఎట్రింత ఊళ్లలోనూ ఉండేదే. బూడిదరంగు ఒళ్లు, ఎర్రటి కళ్లతో చెట్ల కొసన కనిపించేది వలస వచ్చిన యాషీ డ్రాంగో. పైకొమ్మల్లో చురుగ్గా తిరుగుతూ చిస్లీ, చిస్లీ అని ఊరికే అరిచే ఆకుపచ్చ చిన్న పిట్ట గ్రీనిష్ వార్బ్లర్. సెప్టెంబరు తర్వాత ఈ అరుపు వినపడని తోట అరుదు, ఇది ఒక్కటి చెవికి పట్టుబడితే మిగతా కొత్త గొంతులు విడిగా వినిపిస్తాయి. కింది పొదల్లో రెండు గులకరాళ్లు తగిలినట్టు చక్, చక్ అంటూ బయటికి రానిది బ్లిత్స్ రీడ్ వార్బ్లర్. దానికోసం పొద కదిలించకుండా అదే చోట పది నిమిషాలు ఆగితే అంచుకు వస్తుంది. కొమ్మ మీద నిటారుగా కూర్చుని, ఎగిరి పురుగు పట్టి మళ్లీ అదే కొమ్మకు వచ్చే పెద్దకళ్ల బూడిదరంగు పిట్ట ఏషియన్ బ్రౌన్ ఫ్లైక్యాచర్. తోక ఎత్తుతూ, తోక మొదట పక్కల తెలుపు చూపిస్తే రెడ్‌బ్రెస్టెడ్ లేదా టైగా ఫ్లైక్యాచర్. గొంతు ఎరుపు లేని పిల్లల్లో ఆ రెండింటినీ విడదీయడం నిపుణులకే కష్టం, రెండు పేర్లూ రాసి వదిలేయడమే నిజాయితీ.

మర్రి, రావి, జువ్వి చెట్లలో పండున్న చెట్టు దొరికితే నడక ఆపేయండి. వంగపండు పిట్ట (ఓరియోల్), కోయిల, పచ్చపావురాలు, గోరింకలు అన్నీ దాని దగ్గరికే వస్తాయి. సీతాఫలాల కోసం జనం కొండెక్కే రోజుల్లో మాత్రం బాటలు ఏడింటికే సందడిగా మారతాయి, అలాంటప్పుడు ఇంకా ముందే వెళ్లాలి. రిజర్వు అడవి లోపలికి వెళ్లడానికి అటవీ శాఖ అనుమతి ముందుగా తీసుకోండి. ఒంటరిగా వెళ్లకండి.

అక్టోబరులో మరో సంగతి. దక్షిణాదికి రాత్రిపూట ప్రయాణించే పొన్నంకి పిట్ట తెల్లారేసరికి అలసి ఊళ్లలో, పెరళ్లలో, ఒక్కోసారి గదుల్లో కూడా పడుతుంది. పచ్చటి వీపు, పొట్టి తోక, తోక కింద ఎరుపు, కంటి మీదుగా నల్ల పట్టీ. దొరికితే నీళ్లు నోట్లో పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. గాలి రంధ్రాలున్న అట్టపెట్టెలో గుడ్డ వేసి, చీకటిగా, చప్పుడు లేని చోట రెండు మూడు గంటలు ఉంచండి. తేరుకుని కదులుతుంటే సాయంత్రం చెట్లున్న చోట పెట్టె తెరవండి. రెక్క విరిగినట్టుంటే అటవీ శాఖకు చెప్పండి. పంజరంలో పెట్టుకోవడం 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం.

ఫోనులో పక్షి కూత వినిపించి రప్పించడం కొందరికి అలవాటు. గూడు ఉన్నది పోటీ వచ్చిందనుకుని పిల్లల్ని వదిలి వస్తుంది, వలసపోయేది మేత మానేసి తిరుగుతుంది. దాని వల్ల దొరికే ఫొటో కోసం అంత పని అక్కర్లేదు.

ఒకే రోజు అడవీ నీళ్లూ రెండూ చూడాలంటే పొద్దున అడవి, సాయంత్రం సీతానగరం వైపు గట్టు. అడవి తొమ్మిదిన్నరకు మూగబోతుంది, నీటి పక్షులు సాయంత్రం దాకా అక్కడే ఉంటాయి. దీన్ని తిరగేసి చేసేవారే ఎక్కువ, అందుకే అడవిలో ఏమీ లేదని తిరిగి వస్తారు.

బైనాక్యులర్, నోటు పుస్తకం, కాళ్లకు బూట్లు

8x42 చాలు, అంటే 8 రెట్లు పెద్దది చేసి చూపేది, ముందు అద్దం వెడల్పు 42 మిల్లీమీటర్లు. 42ను 8తో భాగిస్తే 5.25 మిల్లీమీటర్లు, అంత వెడల్పు వెలుతురు కంటికి చేరుతుంది, తెల్లవారుజామున అది అక్కరకొస్తుంది. 10x అయితే బొమ్మ పెద్దదవుతుంది కానీ చేతి వణుకూ పెద్దదవుతుంది, చూసే వెడల్పు తగ్గుతుంది. అడవిలో కదిలే పిట్టను 10xలో పట్టుకోవడం కష్టం.

కొన్నాక సరిచేసుకోకుండా వాడేవారు చాలామంది. రెండు గొట్టాలను వంచి రెండు వలయాలు ఒకటిగా కనిపించేలా చేయండి. కుడి అద్దం మూసి, ఎడమ కంటితో ఏదైనా బోర్డు మీది అక్షరాలు చూసి మధ్య చక్రం తిప్పండి. ఆ తర్వాత ఎడమది మూసి, మధ్య చక్రం ముట్టకుండా, కుడి కంటి దగ్గరి డయాప్టర్ వలయం తిప్పి అవే అక్షరాలు తేటపరచండి. ఆ గుర్తు ఎక్కడుందో చూసుకోండి, సంచిలో కదిలిపోతుంటుంది. కళ్లజోడు ఉన్నవారు కంటి కప్పుల్ని పూర్తిగా లోపలికి దించాలి, లేనివారు బయటికి తీయాలి. పక్షి కనిపించినప్పుడు చూపు దాని మీద నుంచి తీయకుండా బైనాక్యులర్‌ను కళ్ల దగ్గరికి తేవాలి. తల దించి అద్దాన్ని చూసి మళ్లీ ఎత్తితే పక్షి పోయినట్టే.

బూట్లు తప్పనిసరి. వరిచేల గట్ల మీద గడ్డి మోకాలెత్తు ఉండే కాలం, రక్తపింజర ఉండేదీ అక్కడే. కర్రతో నేల తట్టుకుంటూ నడవండి. పాము కాటేస్తే కట్లు, కోతలు లేకుండా, కాలు కదల్చకుండా 108కి ఫోను చేయాలి. దోమలకు పూత, ఇద్దరికి నాలుగు లీటర్ల నీళ్లు, తెల్ల చొక్కా కాకుండా మాసిన రంగు బట్టలు.

లెక్క రాసేటప్పుడు గుంపును పదులుగా విడగొట్టండి. పది బాతులు ఎంత చోటు పట్టాయో చూసుకుని, ఆ చోటును గుంపంతా మీద కొలుస్తూ పోవాలి. ఈబర్డ్‌లో (పక్షుల జాబితాలు నమోదు చేసే వెబ్‌సైటులో) పెట్టేవారు పావుగంటకో జాబితాగా, ఒకే చోట నిలబడి చూసినది వేరుగా, నడుస్తూ చూసినది వేరుగా పెట్టండి. నది, చెరువు, అడవి ఒకే జాబితాలో కలిపేస్తే ఏ పక్షి ఎక్కడిదో తర్వాత ఎవరికీ అర్థం కాదు. కాకి, గోరింక, గద్ద కూడా రాయాలి, వదిలేస్తే అది పూర్తి జాబితా కాదు. ఆ రోజు బ్యారేజీ అవుట్‌ఫ్లో ఎంతో వ్యాఖ్యలో ఒక మాట చేర్చండి. వచ్చే ఏడు అదే అంకె వచ్చినప్పుడు ఏ మడుగు దగ్గరికి వెళ్లాలో ఆ మాటే చెబుతుంది. తెలియని పక్షికి పేరు పెట్టేయకుండా పరిమాణం, ముక్కు, కాళ్ల రంగు, చేస్తున్న పని నాలుగూ రాసుకోండి, పేరు తర్వాత వెతకవచ్చు.

ఏసీ కారులోంచి దిగగానే అద్దాలు మసకబారితే గుడ్డతో రుద్దకండి, దుమ్ము గీతలు పడతాయి. ఘాటుకు చేరడానికి పది నిమిషాల ముందే ఏసీ ఆపి కిటికీలు దించితే మసకే పట్టదు. ఇంటికి వచ్చాక బైనాక్యులర్‌ను తోలు సంచిలో మూసి పెట్టడం ఈ ఊళ్లలో చేసే పెద్ద తప్పు. కోస్తా తేమకు రెండు మూడు నెలల్లో అద్దం లోపల బూజు సాలెగూడులా పాకుతుంది, అది లోపలికి వెళ్లాక శుభ్రం చేయించడం ఖరీదు. ఫ్యాను కింద గంట ఆరబెట్టి, మూత బిగిసే ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో పెట్టండి. రంగు మారే రకం జెల్ అయితే, రంగు మారగానే సన్నసెగ మీద తేమ ఆరబెట్టి మళ్లీ వాడుకోవచ్చు.